నిదానం తోలిన జీపు

ఆ జీపు షెడ్డు ముందుకొచ్చి ఆగేసరికి అతను వేరే బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చూడనక్కర్లేకపోయింది. తాళం తిప్పి ఆపేశాక కూడా రెండుసార్లు దగ్గితే గాని ఊరుకోని ఇంజను ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. చేతిలోని పానా బోల్టు మీద అలాగే నిలిచిపోయింది.

"బావమరిదీ, కాస్త బయటికి దయచెయ్యి. నీ చుట్టం వచ్చింది," అని కేకేశాడు బావ.

షెడ్డు బావది. నాలుగు నెలలుగా అతను ఉంటున్నది బావ ఇంటి మేడ మీది గదిలో, పని చేస్తున్నది బావ షెడ్డులో. గోనెపట్టా మీద వీపు జరుపుకుంటూ బయటికొచ్చి, లేచి నిలబడి, చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం అటూ ఇటూ చూశాడు. గుడ్డ భుజం మీదే ఉంది.

జీపు ఎడమ మడ్‌గార్డుకి కొత్తగా రంగు వేశారు. మిగతా బండి రంగుతో అది కలవలేదు. వేసినవాడు కలపాలని ప్రయత్నించినట్టు కూడా లేదు.

దిగింది బాబాయ్. ఊళ్ళో డ్రైవర్లందరికీ ఆయన బాబాయే. ఆరోగ్య కేంద్రం వాళ్ళ ఆ జీపుని ఇరవై రెండేళ్ళుగా తోలుతున్నాడు. కంటి ఆపరేషను అయిన దగ్గర్నించీ పెట్టుకుంటున్న నల్లద్దాలు తియ్యకుండానే, అతని వైపు కాకుండా బావ వైపు తిరిగి మాట్లాడాడు.

"స్టీరింగు ఓసారి చూడాలయ్యా. గతుకులో పడిందంటే చాలు, చేతుల్లో నిలవట్లేదు."

"ఎన్నాళ్ళబట్టీ?"

"ఉందిలే, కొన్నాళ్ళబట్టీ." తాళం బల్ల మీద పెట్టాడు. పెట్టాక దాన్ని వేలితో ఇంకాస్త లోపలికి తోశాడు. "అబ్బాయి చేత విప్పించు."

"ఏం, నేను విప్పితే బోల్టులు అలుగుతాయా?"

"నీ పనికి వంక పెట్టడం కాదు. అబ్బాయికి ఆ బండి తెలుసు."

అంతే. ఎండలోకి దిగి, ఒక చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అతన్ని పలకరించలేదు, మొహం చూడనూ లేదు.

"తెలుసట," అన్నాడు బావ. "తెలిసే కాబోలు నలభై రోజులకి ఇంటికి పంపించారు."

బాబాయ్ ఆపరేషనుకి సెలవు పెట్టిన నలభై రోజులూ ఆ బండి అతనిదే. మందుల పెట్టెలూ, టీకాలూ, నర్సునూ ఎక్కించుకుని వారానికి ఐదు రోజులు కొండ మీది ఊళ్ళకి వెళ్ళడం, దిగడం. ముల్లుని నలభై దాటనిచ్చేవాడు కాదు. జీపుల స్టాండులో డ్రైవర్లు అతనికి 'నిదానం' అని పేరు పెట్టేశారు. ఆఖరి రోజున జీపు కొండ మలుపులో పక్కకాలవలోకి దిగబడింది. నర్సు ఎడమ మణికట్టు విరిగింది. ఆఫీసు వాళ్ళు కాగితం మీద 'అతివేగం, అజాగ్రత్త' అని రాశారు. నిదానం అతివేగంగా తోలాడట అని స్టాండులో వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ వారం తర్వాత అతను స్టాండు వైపు వెళ్ళలేదు.

బావ సీట్లో కూర్చుని స్టీరింగుని కొంచెం కొంచెంగా కుడికీ ఎడమకీ కదిలిస్తుంటే అతను కిందికి దూరి ఒక్కో కీలు మీదా వేలు ఆనించి చూశాడు. ముందు చక్రాల్ని కలిపే టైరాడ్ చివర్లు గట్టిగానే ఉన్నాయి. ఒక బుష్ మాత్రం పగిలి, రబ్బరు పొరలుగా లేచింది. చక్రాల బేరింగుల్లో చెప్పుకోదగ్గ వదులు లేదు. తర్వాత చూపు ముందు ఇరుసుకి సమాంతరంగా అడ్డంగా ఉన్న గొట్టం మీద పడింది. స్టీరింగ్ డ్యాంపర్. రోడ్డు మీద చక్రం తిన్న దెబ్బ స్టీరింగు దాకా రాకుండా మధ్యలోనే మింగేసేది అదే. అది పనిచేస్తున్నంతకాలం దాని ఊసే ఎవరికీ పట్టదు.

గొట్టం ఒళ్ళంతా నూనె కారి, దాని మీద దుమ్ము పట్టి, మళ్ళీ నూనె కారి, మళ్ళీ దుమ్ము పట్టి, అట్టలు కట్టి ఉంది. స్క్రూ డ్రైవరు మొనతో గీరాడు. అట్ట పెళ్ళలా ఊడి అతని చెంప మీద పడింది. దాని కింద ఇంకో అట్ట ఉంది.

నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను తుప్పు పట్టి విరిగిపోయింది. నట్టుకి నూనె పట్టించి, కాసేపు నాననిచ్చి, పొడవాటి పానా వేసి కాలితో తొక్కాడు. నట్టు వచ్చింది గాని లోపలి మేకు రంధ్రంలోంచి రానంది. మేకుని కొడితే మరలు పోతాయి. పక్కనున్న లోహాన్ని సుత్తితో రెండు వైపుల నించీ ఒకేచోట కొట్టాలి. ఆరోదెబ్బకి అది టక్కున వదిలింది. రెండో చివర ఛాసిస్‌కి ఉన్న బోల్టు మాత్రం పెద్దమనిషి తరహాలో చెప్పగానే వచ్చేసింది.

బయటికి తెచ్చి, ఒక చివర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కడ్డీని పైకి లాగాడు. లాగడానికి బలం కావాలి, తొయ్యడానికి అంతే బలం కావాలి. అది డ్యాంపర్ లక్షణం. ఇది మాత్రం గాలి పోయిన సైకిలు పంపులా ఎటంటే అటు పోయింది. లోపల చుక్క నూనె లేదు. కడ్డీ మీద నిలువునా గీతలు పడ్డాయి, గీతల్లో తుప్పు.

బావ వచ్చి దాన్ని అందుకుని తనూ రెండుసార్లు ఆడించాడు. నోట్లో ఉన్న వేళాకోళం మింగేశాడు.

"ఇది నాలుగు నెలల కింద పోయింది కాదురా," అన్నాడు మెల్లిగా. "తక్కువలో తక్కువ మూడేళ్ళయి ఉంటుంది."

అతను బావ చేతిలోని కడ్డీ మీది గీతల్ని వేలితో తడిమాడు.

"నీకు ఇచ్చిన రోజుకే ఇది చచ్చి ఉంది. విన్నావా? శవాన్ని కట్టి ఇచ్చారు నీకు."

"విన్నాను బావా."

"మరి అలా నిలబడ్డావేం? దీన్ని పట్టుకుని నేరుగా ఆఫీసుకి వెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టు."

అతనికి బల్ల కనపడలేదు. చేతుల్లో స్టీరింగు కనపడింది. మలుపు ముందున్న గతుకులో ఎడమ చక్రం పడగానే అది ఒక్కసారిగా ప్రాణమొచ్చినట్టు కొట్టుకుంది. బొటనవేళ్ళు వెనక్కి విరిగిపోతాయేమో అన్నట్టుగా. గట్టిగా పట్టుకున్నకొద్దీ ఎక్కువైంది. బ్రేకు మీద కాలు పడింది గాని బండి మాట వినలేదు. పక్కన నర్సు ఒళ్ళో టీకాల ఐసు పెట్టె ఉంది. పడిపోకుండా ఆమె పెట్టెనే పట్టుకుంది, తనని తాను పట్టుకోలేదు. కాలవలో పడ్డాక వచ్చిన మొదటి మాట కూడా, "టీకాలు చూడండి, మూత ఊడిందేమో" అన్నదే. ఆ తర్వాత చెయ్యి చూసుకుంది. తర్వాత అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో ఏముందో అతనికి నాలుగు నెలలుగా అంతుపట్టలేదు. నింద అయి ఉంటుందని తనే తీర్మానించుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్న కొత్త డ్యాంపర్ వచ్చింది, కాని బోల్టు దూరే దాని కన్ను పెద్దది. పాత మోడలు జీపుకి అది వదులవుతుంది. బావ దుకాణం వాడికి ఫోను చేసి, "నేనడిగింది అల్లుణ్ణి, నువ్వు పంపింది వియ్యంకుణ్ణి," అని విసుక్కుని తిప్పి పంపేశాడు. సరైనది ఇంకో రోజు ఆగితే గాని రాదు.

అతను పాత డ్యాంపర్‌ని గుడ్డలో చుట్టి సైకిలుకి కట్టుకుని ఆరోగ్య కేంద్రం ఆఫీసుకి వెళ్ళాడు. వెళ్ళాలని అతనికి లేదు. వెళ్ళకపోతే బావ ఊరుకోడు.

గుమాస్తా టేబులు మీద పొడవాటి ఫైళ్ళు, మధ్యలో టీ గ్లాసు. అతను గుడ్డ విప్పగానే గుమాస్తా గ్లాసుని పక్కకి జరిపాడు.

"ఇదేంటయ్యా, కాగితాలకి జిడ్డు అంటుతుంది. కింద పెట్టు."

కింద పెట్టాడు. సంగతి చెప్పాడు. చెప్పడం అతనికి ఎప్పుడూ చాతకాదు. డ్యాంపర్ అంటే ఏమిటో మొదలుపెట్టి, మలుపు దాకా వచ్చి, మళ్ళీ డ్యాంపర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. గుమాస్తా మధ్యలో ఒక కాగితం మీద సంతకం పెట్టి ట్రేలో వేశాడు.

"ఇది ఆ జీపుదే అని నమ్మకమేంటి? షెడ్డు మీ బావది. షెడ్డులో ఇలాంటివి పది పడుంటాయి."

"నిన్న నేనే విప్పానండీ."

"అదే అంటున్నా. విప్పింది నువ్వు, మీ బావ. చూసింది నువ్వు, మీ బావ." గుమాస్తా లేచి, అరలోంచి జీపు లాగ్ బుక్కు తీశాడు. నెల నెలకీ పేజీలు తిప్పి చూపించాడు. "ఇదుగో. 'స్టీరింగు బాగోలేదు' అని ఎక్కడన్నా ఒక్క ముక్క ఉందా? ఇరవై రెండేళ్ళు తోలిన మనిషి రాయలేదు. నలభై రోజులు తోలిన నువ్వూ రాయలేదు."

"నేను... నాకు తెలీదండీ. పాత బండి కదా, ఇలాగే ఉంటుందనుకున్నాను."

"ఆయన రాసిస్తే చూద్దాం. లేదంటే నాలుగు నెలల కింద మూసేసిన ఫైలు ఇప్పుడు తియ్యడం కుదరదు. అయినా ఆయన రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఇంకో మనిషిని తీసుకునే పని కూడా నడుస్తోంది." గొంతు తగ్గించి, "ఎవరూ చావలేదు కదా, పోనిద్దూ," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు.

అతను గుడ్డ మళ్ళీ చుట్టుకుని బయటికొచ్చాడు. బాబాయ్ ఇల్లు దారిలోనే ఉంది. గేటు ముందు సైకిలు దిగాడు. వరండాలో పడక కుర్చీలో బాబాయ్, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని పడుకుని ఉన్నాడు. నల్లద్దాలు పొట్ట మీద ఉన్నాయి. అద్దాలు లేని ఆ మొహం ఎప్పుడూ చూసిన మొహంలా లేదు, చాలా ముసలిది. అతను గేటు మీద చెయ్యి వేసి, తీసి, సైకిలు ఎక్కాడు.

మధ్యాహ్నం అక్క క్యారియర్ తెచ్చింది. బావ తినేసి కునుకు తియ్యడానికి లోపలికి వెళ్ళాక, ఖాళీ గిన్నెలు ఒకదాన్లో ఒకటి పెడుతూ అడిగింది.

"చిన్నోడా, ఆ ఉద్యోగం నీకు నిజంగా కావాలా?"

"ఎందుకు కావద్దూ?"

"మీ బావ ఇచ్చేది దానికంటే తక్కువేం కాదు. ఎండలో తిరగక్కర్లేదు. మరి ఆ జీపు వచ్చిన దగ్గర్నించీ నువ్వు దాని చుట్టూ తిరుగుతున్నావ్. పొద్దున సీటు కూడా తుడిచావు. డ్యాంపర్ మార్చడానికి సీటెందుకు తుడవాలీ?"

అతను తుడిచింది డ్రైవరు సీటు కాదు. అక్క అది కూడా చూసే ఉంటుంది.

"దుమ్ము పట్టింది," అన్నాడు.

"ఊఁ. దుమ్మే." క్యారియర్ గొళ్ళెం బిగించింది. "ఆ పిల్ల చెయ్యి అతికిందట. కొండ మీది ఊళ్ళోనే గది తీసుకుని ఉంటోందట, రోజూ ఎక్కి దిగడం లేకుండా. నేను అడిగి తెలుసుకున్నాలే. నువ్వు అడగవుగా."

అక్క వెళ్ళాక అతను జీపు నీడలో కూర్చున్నాడు. ఆరోగ్య కేంద్రంలో అందరూ ఆమెని సిస్టర్ అనే పిలిచేవారు. డాక్టరు, గుమాస్తా, కొండ మీది ముసలివాళ్ళు, అందరికీ ఆమె సిస్టరే. అతనికి ఎందుకో ఆ మాట మొదటిరోజు నించే నోట రాలేదు. నలభై రోజులూ 'అండీ'తోనే నెట్టుకొచ్చాడు. "ఏమండీ" అనడానికి ధైర్యం చాలదు, ఉత్త "అండీ" అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆమె ఒకసారి నవ్వి, "నా పేరు అండీ కాదు," అంది. పేరు అతనికి తెలుసు. లాగ్ బుక్కులో రోజూ తనే రాసేవాడు. రాసేటప్పుడు ఆ గడిలో మాత్రం అక్షరాలు గుండ్రంగా వచ్చేవి.

ఆమె రోడ్డు వైపు చూసేది కాదు. ఒళ్ళో ఐసు పెట్టె పెట్టుకుని, దాని మూత మీద కాగితం పరిచి, ఏ ఊళ్ళో ఎవరికి ఏ సూది వెయ్యాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకునేది. పెన్సిలు జారకుండా ఉండాలంటే బండి కుదుపు లేకుండా పోవాలి. అందుకని గతుకు కనపడితే గేరు తగ్గించేవాడు. టీకాల కోసమని మొదట్లో అనుకున్నాడు. పెట్టె ఖాళీ అయి తిరిగొచ్చే దారిలో కూడా అంతే మెల్లగా తోలుతున్నానని తెలియడానికి అతనికి మూడు వారాలు పట్టింది. అప్పట్నించీ దిగువకి వచ్చేటప్పుడు ఇంకా మెల్లగా తోలాడు. ఊరు దగ్గర పడుతుంటే రోడ్డు ఇంకో నాలుగు మలుపులుంటే బాగుండుననిపించేది. ఆ కోరిక ఎవరితోనన్నా చెప్పుకోదగ్గది కూడా కాదు.

ఎండ జరిగి కాళ్ళ మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.

*

మూడోరోజు పదింటికి సరైన డ్యాంపర్ వచ్చింది. అట్టపెట్టెలోంచి తీసి, నిలబెట్టి, కడ్డీని పూర్తిగా లాగి పూర్తిగా నొక్కాడు. ఏడెనిమిదిసార్లు అలా చేస్తే లోపలి గాలి పోయి నూనె దాని చోటుకి అది చేరుతుంది. మొదట గుటకలు వేసింది. తర్వాత సర్దుకుని, చేతికి బరువుగా, ఒద్దికగా, పోనూ రానూ ఒకే తీరుగా కదిలింది.

పగిలిన బుష్ కూడా మార్చేశాడు. "అదొకటి వదిలేసి ఇదొక్కటే కొత్తది పెడితే, దగ్గు మందేసి జ్వరం దాచినట్టుంటుంది," అన్నాడు బావ. చక్రాలు తిన్నగా పెట్టి, మేకు కూర్చునే రంధ్రాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, డ్యాంపర్ బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను దూర్చి దాని రెండు కాళ్ళూ చెరోవైపు వంచాడు. బావ స్టీరింగుని ఈ చివర్నించి ఆ చివరిదాకా తిప్పితే, ఎక్కడా కడ్డీ తన్నడం లేదని కింద పడుకుని చూశాడు.

బయటికొచ్చేసరికి బాబాయ్ నిలబడి ఉన్నాడు. పక్కనే రిక్షాలో నాలుగు మందుల పెట్టెలూ, ఐసు పెట్టే.

"అయిందా?"

"అయింది బాబాయ్. ఒకసారి గతుకుల్లో చూసుకుంటే చాలు."

"పైకి వెళ్ళాలి. మూడు రోజులుగా మందులు పోలేదు." పెట్టెలు తనే ఒక్కొక్కటిగా వెనక సర్దాడు. సర్దడం అయ్యాక ముందుకి నడిచి, ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు. "ఎండ నా కళ్ళకి పడట్లేదు. నువ్వు తోలు."

అతను కదల్లేదు. ట్రయలంటే సెంటరు దాకా వెళ్ళి రావడం. పైకి వెళ్ళడం వేరు. పైన ఆమె ఉంటుంది.

బావ వెనక నించి అతని భుజం మీది గుడ్డ లాక్కున్నాడు. "మొహం మీద మసి ఉంది," అని చెంప తనే తుడిచి, "ఊఁ, పోరా," అన్నాడు.

ఇంజను అందుకుంది. జీపు ఊరు దాటింది. తారు రోడ్డు పోయి కంకర రోడ్డు మొదలైంది. ముందు చక్రాలు రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతున్నాయి గాని స్టీరింగు చేతుల్లో అమాయకంగా కూర్చుంది. రెండు వేళ్ళతో పట్టుకున్నా చాలేలా ఉంది. నలభై రోజులూ సాయంత్రాలు మోచేతులు పీకేవి. అది డ్రైవరు పని కష్టమే అనుకునేవాడు.

మలుపు ముందున్న గతుకు ఇంకా పూడ్చలేదు. అతను గేరు తగ్గించబోయాడు.

"తగ్గించకు," అన్నాడు బాబాయ్. "ఆ రోజు ఎంతలో వెళ్ళావో అంతలోనే పోనీ."

ముప్ఫై అయిదు. ఎడమ చక్రం గతుకులో పడింది. స్టీరింగు ఒక్కసారి చిన్నగా కదిలి, కదిలిన సంగతి తనే మర్చిపోయినట్టు ఆగిపోయింది. జీపు మలుపు తిరిగింది. కాలవ ఎడమవైపున గడ్డి పెరిగి మామూలు కాలవలా ఉంది.

"ఆపు," అన్నాడు బాబాయ్ కొంచెం ముందుకెళ్ళాక.

ఆపాడు. బాబాయ్ నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీరు కారుతున్నాయి. ఎండకే కారుతున్నాయో మరెందుకో చెప్పలేం.

"నాకు తెలీదురా అబ్బాయ్. ఒట్టేసి చెబుతున్నా. వణుకు ఎప్పుడు మొదలైందో తెలీదు. రోజుకి ఇంచుమించు వెంట్రుకవాసి చొప్పున పెరిగి ఉంటుంది. నా చేతులు దానికి తగ్గట్టు బిగుసుకుంటూ వచ్చాయి. నాకది వణుకులా అనిపించేదే కాదు, బండి అనిపించేది." రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు. "నువ్వు కాలవలో పడ్డావంటే, కుర్రాడికి ఈ బండి పట్టుబడలేదని చెప్పాను. గర్వంగానే చెప్పాను. సెలవయ్యాక వచ్చి తోలితే, నలభై రోజులు విశ్రాంతి తీసుకున్న చేతులు కదా, మొదటి గతుకులోనే తెలిసిపోయింది. నన్నే కాలవలోకి లాగింది."

"అప్పుడే చెప్పాల్సింది బాబాయ్." గొంతులో కోపం ఉందేమోనని అతనే వెతుక్కున్నాడు. ఉంది. అంత ఎక్కువేం లేదు.

"చెప్పాల్సింది. లాగ్ బుక్కు రాసేది నేను. రిటైరయ్యేముందు నా మీద కాగితం పడుతుందని ఊరుకున్నాను. నాలుగు నెలలు రెండు చేతుల్తో బిగబట్టుకుని తోలాను, ఎవరికీ తెలీకూడదని. ఇంక నా వల్ల కాలేదు. నోటితో చెప్పలేక బండిని నీ దగ్గరికి పంపాను. నువ్వు విప్పితే నీకే తెలుస్తుందని."

 అతను అడగాల్సినవి చాలా ఉన్నాయి.  చెయ్యి చాపి బాబాయ్ ఒళ్ళోని నల్లద్దాలు తీసి ఆయన చేతికిచ్చాడు.

"పెట్టుకో. ఎండ పడదు నీకు."

పైన ఆరోగ్య ఉపకేంద్రం ఒక గది, ముందు చిన్న వరండా, దాని ముందు చదునైన నేల. ఆమె బల్ల మీద కూర్చున్న ముసలాయన కాలికి కట్టు కడుతోంది. ఇంజను దగ్గు విని తల తిప్పింది. అతను దిగడం చూసింది. కట్టు కట్టడం ఆపలేదు. ముడి వేసి, పిన్ను పెట్టి, ముసలాయనకి జాగ్రత్తలు చెప్పి పంపించాకే లేచింది. ఎడమ మణికట్టు దగ్గర సన్నటి గీత ఉంది.

బాబాయ్ పెట్టెలు మోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అతను ఐసు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ పోయాయి.

"డ్యాంపరండీ," అన్నాడు. "అది పోయింది. ముందే పోయింది. అందుకే ఆ రోజు..."

"స్టీరింగు దానంతటదే కొట్టుకుంది," అంది ఆమె. "నేను పక్కనే ఉన్నాను కదా. మీ చేతులు చూశాను. అదే రాసిచ్చాను."

"ఎవరికి?"

"ఆఫీసుకి. రెండోరోజే. ఆస్పత్రి మంచం మీద కుడి చేత్తో రాశాను. బండి ముప్ఫై అయిదులో ఉంది, ముందు స్టీరింగు వణికింది, తర్వాతే పక్కకి పోయింది అని. మీకు చెప్పలేదా వాళ్ళు?"

అతను తల అడ్డంగా ఊపాడు. నిన్న గుమాస్తా తిప్పిన పేజీలు కళ్ళ ముందు తిరిగాయి. తియ్యడం కుదరదన్న ఆ ఫైలులోనే ఎక్కడో ఆమె కాగితం ఉండి ఉంటుంది.

"గుమాస్తాగారు అన్నారు, సిస్టర్‌కి సూదుల సంగతి తెలుస్తుంది గాని స్టీరింగు సంగతేం తెలుస్తుందని." ఆమె నవ్వలేదు. "పోనీండి. కాగితం సంగతి మీకు తెలిసే ఉంటుందనుకున్నాను. తెలిసి కూడా రాలేదనుకున్నాను."

"నేను..."

"ఆస్పత్రి గేటు దాకా వచ్చారు. చేతిలో పళ్ళ సంచీ. కిటికీలోంచి కనపడ్డారు. లేచి జుట్టు సర్దుకున్నాను కూడా, ఒంటి చేత్తో. చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు."

ఆ సంగతి అతను అక్కకి కూడా చెప్పలేదు. ఆ పళ్ళు దారిలో ఎవరో ముసలావిడకి ఇచ్చేశాడు.

"మీరు నన్నే తప్పుపడుతున్నారనుకున్నాను," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలలుగా అతనికి ఆ మాట చెబుతున్నది అతనే. ఐసు పెట్టె చేతుల్లో బరువెక్కింది. ఆమె వచ్చి అందుకుని లోపల పెట్టి వచ్చింది.

బాబాయ్ అప్పటికే జీపు బానెట్ మీద లాగ్ బుక్కు పరుచుకుని రాస్తున్నాడు. నల్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని, ముక్కు కాగితానికి ఆనేంత వంగి, ఒక్కో అక్షరమే. స్టీరింగ్ డ్యాంపర్ మూడేళ్ళ కిందటే పాడైనది, నేను సకాలంలో గమనించలేదు, తెలిశాక నమోదు చెయ్యలేదు, ప్రమాదానికి తాత్కాలిక డ్రైవరు బాధ్యుడు కాడు. సంతకం పెట్టి, పెన్ను ఆమెకిచ్చాడు. సాక్షిగా ఆమె సంతకం పెట్టింది.

ఆ రాత చివరికి ఏమైందో కూడా చెప్పుకోవాలి. ఆఫీసులో అది కదలడానికి మరో రెండు నెలలు పట్టింది. 'అతివేగం' అన్న మాట కొట్టేశారు. అప్పటికే కొత్త డ్రైవరుని తీసుకున్నారు కాబట్టి ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. బాబాయ్‌కి ఒక మందలింపు కాగితం వచ్చింది, దాన్ని ఆయన మడిచి నల్లద్దాల పెట్టెలో పెట్టుకున్నాడు. అతను బావ షెడ్డులోనే ఉండిపోయాడు. అయితే ఆ పూట, ఆ చదునైన నేల మీద, ఇవేవీ ఎవరికీ తెలియవు.

వెళ్ళే వేళయింది. అతను డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కితే దిగువకి పోవడమే. ఇంకో నాలుగు మలుపులున్నా చాలవు ఈసారి. మళ్ళీ ఎప్పుడని అడగడానికి మాట కోసం చూస్తున్నాడు. ఆమె మెట్లు దిగి వచ్చింది.

"నాకు తోలడం నేర్పుతారా?"

"మీకా? ఎందుకండీ?"

"మీరు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళే మనిషి. మీ కోసం కూర్చుంటే అయ్యేది కాదు. నేనే కిందికి రావాలంటే తోలడం రావాలి కదా."

వరండాలో ఖాళీ పెట్టె మీద కూర్చున్న బాబాయ్ గొంతు సవరించుకుని, కొండ అవతలి వైపు చూడ్డం మొదలుపెట్టాడు.

అతను తలుపు దగ్గర్నించి పక్కకి జరిగాడు. ఆమె చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఎక్కి కూర్చుంది. రెండు చేతులూ స్టీరింగు మీద వేసింది. కాళ్ళు అందలేదు. అతను చుట్టూ తిరిగి వచ్చి, ఆమె ఎప్పుడూ కూర్చునే సీట్లో కూర్చున్నాడు. అక్కడి నించి చూస్తే రోడ్డు కంటే తోలేవాళ్ళ చేతులే బాగా కనిపిస్తాయని అతనికి అప్పటిదాకా తెలియదు.

"ముందేం చెయ్యాలి?" అంది ఆమె.

"సీటు కింద ఒక పిడి ఉంటుంది," అన్నాడు. "దాన్ని పైకెత్తి, కొంచెం ముందుకి జరగండి."